చీరలో చుట్టి ఇచ్చిన తుపాకి

అన్నకు,

పిక్కిలి నుంచి నీ చెల్లెలు రత్న దండాలు. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? వదిన, పిల్లలు బాగున్నారా? మేమిద్దరం కులాసాగానే ఉన్నాము, దిగులు పడకు. ఇప్పుడు రాసే సంగతి ఫోనులో చెబితే సగంలోనే అరుస్తావు, అందుకే కాగితం పట్టాను. ఇది తమిళనాడు కదా, ఈ వీధిలో ఇంటింటా తెలుగే మాట్లాడతారు గానీ బడిలో నేర్చింది అరవం, తెలుగు చదివేవాళ్ళు లేరు. కాబట్టి ఎవరు తెరిచినా భయం లేదు.

గుత్తకు తీసుకున్న చేనులో కర్రపెండలం బాగా వచ్చింది. చలిగాలి మాత్రం ఎముకలు కొరుకుతోంది. తిండి మన కుప్పం వైపు తిండే, అదే రాగి సంగటి. వచ్చిన కొత్తలో సాయంత్రమైతే మీరంతా గుర్తొచ్చి ఏడ్చేదాన్ని. ఇప్పుడు పక్కింటి మునెమ్మవ్వ ఉంది, తోడుకు తోడు, తిట్లకు తిట్లు.

ఇక అసలు సంగతి. అడవి పందులు చేను తవ్వేస్తున్నాయని మీ బావకు నువ్వు ఇచ్చావే, నాన్న దాచుకున్న లైసెన్సు లేని నాటు తుపాకి, దాన్ని పోలీసులకు ఇచ్చేశాము. ఆగు, అరవకు, మొత్తం చదువు.

ఇక్కడ చాలా ఇళ్ళలో అలాంటివి ఉండేవి. జీపు చప్పుడు వినబడితే చాలు, మగవాళ్ళంతా చేలలో దూరేవారు. ఆడవాళ్ళం గుమ్మాల్లో కూర్చుని "మగోళ్ళు ఎవురూ లేరయ్యా" అనేవాళ్ళం. ఈ మధ్య స్టేషన్‌కు కొత్త ఎస్‌ఐ వచ్చింది, ఆడమనిషి. రెండుసార్లు వచ్చి మా గుమ్మాలు చూసి వెళ్ళింది. మూడోసారి జీపు దూరంగా ఆపేసి, సాయంత్రం మేమంతా పాల కొట్టంలో పాలు పోసే వేళకు నడిచి వచ్చింది. పాల క్యాను వదిలేసి ఎవరు పారిపోతారు చెప్పు! తెలివంటే అదీ.

తుపాకుల మాటే ఎత్తలేదు. పంటలెలా ఉన్నాయని అడిగింది. మునెమ్మవ్వ ఊరుకుంటుందా? "పందులు అంతా తినేసినాక వచ్చి అడిగితే ఏం లాభం? నువ్వు పోలీసా, చుట్టమా?" అనేసింది. ఆ ఎస్‌ఐది హోసూరు వైపు, తెలుగు వచ్చు. "చుట్టమనే అనుకో అవ్వా. పద, చేను చూపించు" అని బురదలో దిగింది. మరుసటి వారం అటవీ శాఖ వాళ్ళను వెంటబెట్టుకొచ్చి నష్టమంతా రాయించింది. ఆ తర్వాతే నోరు విప్పింది: "పందనుకోని మనిషిని కాలిస్తే ఆ ఉసురు ఎవురికి? మీ దగ్గరుండేది తెచ్చి పాల కొట్టం ఎనకాల పెట్టేసి పోండి. కేసు లేదు, ఎవురిదని అడగను. ఇది నా మాట."

నమ్మేదెలా? మీ బావకు మూడు రోజులు ముద్ద దిగలేదు. "ఇస్తే రేపే జైలు, ఇయ్యకుంటే ఎన్నడో జైలు" అని ఒకటే గొణుగుడు. ఊళ్ళో ఎవరూ కదలలేదు. నాకు విసుగొచ్చి, తెల్లవారుజామున చేతికందిన గుడ్డలో చుట్టి నేనే పెట్టి వచ్చాను. ఇంటికొచ్చాక చూసుకుంటే అది వదిన పెట్టిన పసుపు చీర! ఎస్‌ఐ మాట ఇచ్చిన రోజు దాన్ని కట్టుకునే ఆమెతో చాలాసేపు మాట్లాడాను. ఊళ్ళో అలాంటిది ఇంకెవరికీ లేదు. మీ బావ తల బాదుకుని "పేరు రాసిచ్చి వచ్చినావు కదే!" అన్నాడు. పరుగెత్తి వెళ్ళేసరికి మూట లేదు.

మర్నాడు ఆమె నేరుగా మా ఇంటికే వచ్చింది. ఊరంతా బయటికొచ్చి చూస్తోంది. ఉతికి మడతపెట్టిన చీర నా చేతిలో పెట్టి, "గాలికి ఎగిరి దారిలో పడినట్టుంది. ఆరేసేటప్పుడు క్లిప్పు పెట్టమ్మా" అంది. మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళిపోయింది. అంతే! నాకు ఏడుపు ఆగలేదన్నా. ఇలాంటి మనుషులు కూడా ఆ ఉద్యోగంలో ఉంటారా అనిపించింది.

ఆ వారంలోనే పాల కొట్టం వెనుక ఇంకో నాలుగు మూటలు చేరాయి. "నీ మాదిరి చీర పాడుచేసుకుంటానా, నాకు గోనెసంచి చాలు" అంది మునెమ్మవ్వ. అవ్వ ఇంట్లోనూ ఉందని అప్పుడే తెలిసింది! పందులకు ఇప్పుడు వంతులేసుకుని డబ్బాలు కొడుతున్నాము. కొన్ని వస్తూనే ఉన్నాయి, అబద్ధమెందుకు.

నువ్వొచ్చేటప్పుడు ఉలవలు, వదిన చేతి చింతకాయ తొక్కు, తెలుగు పంచాంగం తీసుకురా. పెద్దమ్మ కాళ్ళకు నా బదులు మొక్కు. నాన్న వస్తువు పోయిందని కోపమొస్తే నన్ను తిట్టు, పడతాను. మీ బావను మాత్రం ఒక్క మాట అనకు. నిన్న ఆయన అన్నం తింటుంటే జీపు చప్పుడైంది. లేవలేదు. "ఇంకొంచెం పులుసు పొయ్యి" అన్నాడు. ఆ చప్పుడుకు నాన్న ఎన్ని పూటలు తినకుండా లేచి పరుగెత్తాడో నీకు తెలుసు కదా అన్నా.

నీ దీవెన ఎప్పుడూ కోరుకునే
రత్న