టీవీలో నేర్చుకున్నానని చెప్పిన థింసా

హైదరాబాద్,
ఆదివారం

అమ్మకూ మామ్మకూ పార్వతి దండాలు. జ్యోతికి ముద్దులు.

నేను బాగానే ఉన్నాను. మీరంతా బాగున్నారనుకుంటేనే ఇక్కడ నాకు అన్నం లోపలికి దిగుతుంది. మామ్మ దగ్గు తగ్గిందా? అమ్మా, పాడేరు ఆసుపత్రిలో నీ మోకాలికి ఇచ్చిన మాత్రలు ఈపాటికి అయిపోయి ఉంటాయి, మళ్ళీ వెళ్ళి తెచ్చుకున్నావా? కాఫీ పళ్ళ కోత ఎంతవరకు వచ్చింది? పొద్దున్నే మంచులో తలకు గుడ్డ కట్టుకోకుండా తోటలోకి వెళ్ళకు.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. నువ్వు సిగ్నల్ కోసం గట్టెక్కి నిలబడతావు, నేను సగం మాట చెప్పేసరికి తెగిపోతుంది. ఈసారి చెప్పాల్సింది మధ్యలో తెగకూడదు. జ్యోతీ, శనివారం నువ్వు హాస్టల్ నుంచి ఇంటికి వచ్చాక ఇది చదివి వినిపించు. ఏ ముక్కా దాటెయ్యకు. మామ్మ చెవి దగ్గర కూర్చుని గట్టిగా చదువు.

పని బాగానే సాగుతోంది. ఉదయం ఆరింటికే ల్యాబ్ తెరుస్తాం. పరగడుపున రక్తమిచ్చేవాళ్ళు అప్పటికే వరసలో కూర్చుని ఉంటారు. నా చెయ్యి తేలికట, పిల్లలు నా దగ్గర ఎక్కువ ఏడవరు. హాస్టల్ కూరలు చప్పగా ఉంటాయి గాని కడుపు నిండా తింటున్నాను, బెంగపెట్టుకోకు. ఇక్కడి చలి చలే కాదు. నా గదిలో ఉండే లావణ్యది గుంటూరు, మా ల్యాబులోనే బిల్లులు రాస్తుంది. మంచి పిల్ల. ఆదివారం నా తలకు నూనె పెడుతుంది.

మీకు ఇంతవరకు చెప్పని సంగతి ఒకటుంది. నేను చేరిన రోజున మా సూపర్‌వైజర్ మేడమ్, వేరెవరి గురించో నవ్వుతూ, "ఏజెన్సీ వాళ్ళకు సూదంటేనే భయం, వాళ్ళు ఇంకొకరికి ఏం గుచ్చుతారు" అంది. ఆ వెంటనే నా వైపు తిరిగి నాది ఏ ఊరని అడిగింది. వైజాగ్ అన్నాను. అంతే, అప్పటి నుంచి నేను వైజాగ్ పిల్లనే. మన అరకు అంటే వీళ్ళకు గుహలూ బొంగు చికెనూ మాత్రమే తెలుసు. అక్కడ మనుషులు పుడతారని ఎవరికీ తట్టదు.

పోయిన ఆదివారం ల్యాబ్ వాళ్ళందరినీ ఒక నాటకానికి తీసుకెళ్ళారు. పాటలతో నడిచే హాస్య నాటకం. నవ్వడం మరిచిపోయిన రాజు కథ. ఆయనను నవ్వించేవాళ్ళను వెతుకుతూ మంత్రి దేశదేశాలు తిరుగుతాడు. గుమ్మం దగ్గరే మా అందరికీ తలా ఒక గిలక్కాయ ఇచ్చారు. రాజు తుమ్మినప్పుడల్లా హాలంతా గిలక్కాయ ఆడించి "చిరాయుష్షు" అని అరవాలి. గట్టిగా మాట్లాడితే కసిరే మా మేడమ్ కూడా అరిచింది. నేనూ అరిచాను. ఊరు వదిలాక అంతలా నవ్వింది అప్పుడే, కళ్ళలో నీళ్ళు వచ్చాయి.

మూడో దేశం అడవి దేశం. ముఖాలకు మసి, నడుముకు ప్లాస్టిక్ ఆకులు, తలలో కోడి ఈకలు పెట్టుకుని ఆరుగురు గెంతుతూ వచ్చారు. అర్థం లేని కూతలు కూస్తూ, ఒకరి నెత్తిన ఒకరు పేలు చూసుకున్నారు. నా పక్కవాళ్ళు పడీ పడీ నవ్వారు. నా నవ్వు ఆగిపోయింది గాని చేతిలో గిలక్కాయ మాత్రం ఆడుతూనే ఉంది.

వాళ్ళలో ఒకామె మెట్లు దిగి, తమతో ఆడడానికి రమ్మని ప్రేక్షకులకు చెయ్యి చాచుతూ వచ్చింది. అందరూ చేతులు వెనక్కి లాక్కున్నారు. లావణ్య బ్యాగు వెనక ముఖం దాచుకుంది. ఆ చెయ్యి నా ముందు ఆగింది. అమ్మా, మన ఊళ్ళో థింసా ఆడేవాళ్ళ వరసలోంచి ఎవరైనా చెయ్యి చాచితే పట్టుకోకుండా కూర్చుంటామా? ఆ ఇంటితో పగ ఉన్నట్టే కదా. మామ్మ జ్వరంతో పడుకున్న రోజున కూడా ఎదురింటామె చెయ్యి చాచిందని లేచి, నాలుగడుగులు వేసి వచ్చి మళ్ళీ దుప్పటి కప్పుకుంది. నేనూ ఆలోచించలేదు, లేచాను.

వేదిక మీద డప్పు మాత్రం నిజమైనదే. అది విన్నాక కాలు ఆగలేదు. అటువైపు ఆమె నడుము వెనక ఒక చెయ్యి, ఇటువైపు ఆమె వెనక ఒక చెయ్యి వేసి, మనం వేసినట్టే అడుగు వేశాను. గెంతుతున్నవాళ్ళు గెంతడం మానేసి నా కాళ్ళు చూసి వేశారు. హాల్లో గిలక్కాయలన్నీ డప్పుతో కలిశాయి. ఆ కాసేపూ నేను మన వాకిట్లోనే ఉన్నాను.

మంత్రి వేషగాడు మైకు పట్టుకుని వచ్చాడు.

"ఏం తల్లీ, ఏ ఊరు మనది?"

"వైజాగ్ అండీ."

"వైజాగ్‌లో సముద్రముంది గాని అడవెక్కడుందమ్మా? ఈ గంతులు నీకెవరు నేర్పారు?"

మేడమ్ ముందు వరసలోనే ఉంది. "టీవీలో చూసి నేర్చుకున్నానండీ" అన్నాను.

"విన్నారా మహారాజా, టీవీయే గురువట" అన్నాడు. రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు, హాలంతా నవ్వింది. నా తల మీద ప్లాస్టిక్ ఆకుల కిరీటం పెట్టారు.

మామ్మా, నువ్వు నా కాలు తొక్కి మరీ నేర్పావు. "అంగలు పెద్దవి ఎయ్యకే గుంటా, పక్కదాని కాలు సూసి ఎయ్యి" అనేదానివి. అందరి ముందు నిన్ను తీసేసి ఆ చోట టీవీని పెట్టాను. వారమైంది, రోజూ ఆ మాటే గుర్తొస్తోంది. లావణ్య అదంతా ఫోన్‌లో తీసి అందరికీ పంపింది. పాడేరులో ఎవరి ఫోన్‌లోనైనా చూసి మీకు చెప్పకముందే నేను చెప్పాలనుకున్నాను. అమ్మ అయితే "నోట్లోంచి ఒచ్చీసింది, ఏటి సేత్తాం" అంటుంది. నువ్వు ఏమీ అనవు. అదే నాకు భయం.

ఇది ఇక్కడితో ఆగలేదు. వచ్చే నెల ల్యాబ్ వార్షికోత్సవం. "పార్వతీ, ఆకులూ ఈకలూ మేమే అద్దెకు తెస్తాం, నలుగురికి ఆ గంతులు నేర్పు చాలు" అంది మేడమ్. రేపు ఏ సంగతో చెప్పాలి. ఒప్పుకుంటే ఆ ఆకులు కట్టుకోవాలి. నిజం చెబితే ఇన్నాళ్ళూ అబద్ధమాడిన పిల్లనవుతాను, ఏజెన్సీ పిల్లనీ అవుతాను.

"అంత బాగా వేసి, అలా మొహం మాడ్చుకుంటావేంటే?" అని లావణ్య రోజూ అడుగుతోంది. నేను దుప్పటి ముసుగేసుకుంటున్నాను.

సంతకు వెళ్ళే మన ఊరివాళ్ళ చేత అంబలికి కాస్త చోడి పిండి, రెండు గుప్పెళ్ళ మిరియాలు పార్సిల్ చేయించండి. మామ్మ ఒప్పుకుంటే, థింసాకి కట్టుకునే తన పాత చీర కూడా. ఒప్పుకోకపోతే బలవంతం చెయ్యకు జ్యోతీ.

ఇంతవరకు మీకు రాసిన ఉత్తరాలన్నీ నేనే వెళ్ళి పెట్టెలో వేసేదాన్ని, కవరు మీద ఊరు పేరు ఎవరూ చదవకూడదని. రేపు లావణ్యకు మధ్యాహ్నం డ్యూటీ, పోస్టాఫీసు మీదుగానే వస్తుంది. చిరునామా పెద్ద అక్షరాలతో రాసి దీన్ని తన చేతికిస్తాను. తను అడుగుతుంది. ముందు తనకు చెబుతాను, ఆ నోటితోనే మేడమ్‌కూ చెప్పాలి. మామ్మా, తిట్టినా సరే, నా తల మీద చెయ్యి ఉంచు.

మన వీధిలో పెద్దలందరికీ నా దండాలు చెప్పండి.

మీ
పార్వతి,
గుమ్మలపుట్టు.