గడువు దాటిన అప్పీలు

అక్కా,

మన కాలవ నీళ్ల వ్యాజ్యంలో అప్పీలును ఈరోజు కోయంబత్తూరు జిల్లా కోర్టువారు విచారణకు తీసుకున్నారు. నువ్వుంటే ముందు నీకే చెప్పేవాణ్ణి.

మునసబు కోర్టులో ఓడిపోయిన రోజే వకీలు చెప్పాడు, పై కోర్టుకు పోవచ్చు గానీ గడువులోపల పోవాలని. నేను రోజూ తెల్లవారగానే తలపాగా చుట్టుకుని దేవుడింట్లో కూర్చునేవాణ్ణి. మంచి దిక్కున బల్లి పలకందే మన ఇంట్లో ఎవరూ పెద్ద పనికి గడప దాటరు కదా. అది పలకలేదు. జ్వరంతో మంచం పట్టిన నువ్వు, "బల్లి పలికేదాకా కోర్టు కాచుకోనుంటుందారా తంబీ? పోరా!" అని అరిచేదానివి.

నీ కర్మలయ్యాక వెళితే, గడువు దాటిపోయిందన్నాడు వకీలు. "తగిన కారణముంటే జడ్జి దొర ఒప్పుకుంటాడు. ఇంట్లో ఏమన్నా జరిగిందా?"

"మా అక్క పోయిందండీ."

"అది చాలు."

నేను రేయింబవళ్లు నీ మంచం పక్కనే ఉండిపోయానని అతను కోర్టులో చెప్పాడు. కంపెనీ దొర నావైపు చూసి, అక్కను అంతగా చూసుకున్నవాడి ఆలస్యాన్ని తప్పుపట్టలేమన్నాడు. నేను తల వంచుకున్నాను. అందరూ దుఃఖమనుకున్నారు.

చివరిరోజు నువ్వు "తంబీ, రవ్వంత నీళ్లు" అని పిలిచావు. బల్లి పలికితే వినబడదేమోనని, నేను దేవుడింట్లోంచే "సద్దు చేయకక్కా" అన్నాను.

నువ్వు మళ్లీ పిలవలేదు.