గంట మోత ఆగాక

సుగుణక్కా,

నువ్వు పోయి ఆర్నెల్లయింది. మన చూలై బడిలో నీ రెండో క్లాసు ఇప్పుడు నాది. ఇంటర్వెల్ అయ్యాక పిల్లల గోలకు ఈరోజు స్కేలుతో బల్ల బాదీ బాదీ చెయ్యి నొప్పెట్టింది. చివరికి, ఒకప్పుడు నేను ఎగతాళి చేసిన నీ ఇత్తడి గంటనే బీరువాలోంచి తీశాను. నీలాగే ఒక్కసారి కొట్టి కళ్ళు మూసుకున్నాను. మోత పూర్తిగా ఆగిందనిపించినవాళ్ళు చెయ్యెత్తాలి, అన్ని చేతులూ లేచాకే టీచరు కళ్ళు తెరవాలి. అదేగా నీ పద్ధతి.

గది సద్దుమణిగింది. ఓరగా ఒక కన్ను తెరిచి చూస్తే మల్లిక ఒక్కతే చెయ్యెత్తలేదు.

"ఇంకా వినిపిస్తా ఉందా?" అన్నాను.

"లేదు టీచర్. సుగుణ టీచర్‌కి మాలేసి పడుకోబెట్టిన పొద్దు మేమందరం చెయ్యెత్తినాం. ఆమె కండ్లు తెరవనే లేదే."

ఇకమీదట గంట కొట్టినా నేను కళ్ళు మూసుకోను, అక్కా.