తెర మీద నా నోరు, ఎవరిదో గొంతు

ఏసోబూ,

కామెర్లతో నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నువ్వు తీసిన సినిమా నిన్ననే కోదాడ టూరింగ్ టాకీసుకు వచ్చింది. చర్చిలో ప్రసంగాలు చెప్పుకునే నేను టికెట్టు కొని నేల మీద కూర్చున్నాను.

"అన్నా, పునరుత్థానం మీద పిక్చర్ తీస్తున్న. నీ ప్రసంగమే దానికి పానం" అని నా చేతులు పట్టుకున్నావు. నమ్మి, మన సమాధుల తోట గేటు తీయించాను. సంఘస్తులు ముఖాలకు బియ్యప్పిండి పూసుకుని శవాల్లా పడుకున్నారు. స్నేహితుడి సమాధి ముందు ప్రభువు ఏడ్చి, అతన్ని తిరిగి లేపిన అధ్యాయం తీసి, గొంతు పోయేదాకా ప్రకటించాను. నీ కెమెరాకు మాట వినపడదని, మాటలు తర్వాత మద్రాసులో అతికిస్తారని నువ్వు చెప్పలేదు.

నిన్న తెర మీద నా నోరు తెరుచుకుంది. ఎవడిదో కీచుగొంతు వచ్చింది: "లేవుండ్రి, ఇడ్లీలు సల్లారుతున్నయ్!" శవాలన్నీ లేచి నా వెంటపడ్డాయి. జనం పడిపడి నవ్వారు. పక్కాయన నన్ను గుర్తుపట్టి, "అయ్యగారూ, మాకు గూడ రెండు పెట్టించుండ్రి" అన్నాడు.

ప్రభువును ముద్దుపెట్టుకుని శత్రువులకు అప్పగించిన శిష్యుడు కూడా ఆయన నోట్లో వేరే మాట పెట్టలేదు ఏసోబూ.

ఈ పొద్దున నీ సమాధి దగ్గర ప్రార్థన పెట్టారు. చనిపోయినవారు లేస్తారని చెప్పబోతే వెనక ఎవరో కిసుక్కుమన్నారు. గొణుగుతూ బైబిలు మూయబోయాను. సినిమా చూడని మీ అమ్మ నా చెయ్యి పట్టుకుని, "జర గట్టిగ చెప్పు బిడ్డా, వానికి వినపడాలె" అన్నది.

చెప్పాను. వాళ్లు నవ్వుతుండగానే, మొదటినుంచి చివరిదాకా చెప్పాను.