మీగడరంగు గోడ

చెల్లీ,

శుక్లం ఆపరేషన్ నొప్పిగా ఉందా అని అడిగావు. నొప్పీ లేదు గిప్పీ లేదు, నేనింకా ఆశ్చర్యంలోంచే తేరుకోలేదు.

హాలుకు రంగు వేయిస్తున్నాం. ఏ తెలుపు బాగుంటుందో తేల్చడానికి కోడలు గోడ మీద నాలుగు తెలుపులు పక్కపక్కనే పూయించింది. ఆపరేషన్‌కు ముందు చూసి, "అన్నీ ఒకటే కదే, ఎందుకీ చాదస్తం?" అన్నాను. కుడికంటి కట్టు విప్పించుకుని ఇంటికొచ్చి చూద్దును కదా, నాలుగూ నాలుగు రకాలు! ఒకటి పాలు, ఒకటి గుడ్డుపెంకు, ఒకటి సున్నం, ఇంకోదాంట్లో సన్నటి నీలం. ఆ కన్ను మూసి ఎడమకంటితో చూస్తే నాలుగూ కలిసిపోయి ఒకే మీగడరంగు. తెరిచాను, మూశాను, మళ్ళీ తెరిచాను.

"అత్తయ్యా, పెయింటర్‌కి కన్ను కొడుతున్నారేంటి!" అని కోడలు ఒకటే నవ్వు.

ఇన్నాళ్ళూ మా ఇంటి గోడలది ఆ మీగడరంగే అనుకున్నాను. అది ఏ గోడ మీదా లేదే, నా కంట్లోనే ఉంది! మీ బావ జుట్టు మాసినట్టుందని సణిగేదాన్నా, అదీ వెండిలా మెరిసిపోతోంది.

వచ్చే నెల ఎడమకంటికీ చేస్తారు. ఇక ఆ మీగడరంగు నాకు కనబడదు. నువ్వు భయపడి నీ శుక్లాల ఆపరేషన్ వాయిదా వేస్తున్నావు కాబట్టి నీకింకా కనబడుతుంది. ఈలోపే ఒకసారి రా. ఆ గోడ ముందు ఇద్దరం నిలబడి చూద్దాం. తర్వాత నీ చెయ్యి పట్టుకుని నేనే డాక్టర్ దగ్గరికి తీసుకెళతాను.

అప్పటిదాకా గోడ ముట్టుకోవద్దన్నాను. ఏ తెలుపు వేయించాలో నీ కొత్త కంటితో నువ్వే చెబుదువుగాని.

ఒక పాత కంటితో, ఒక కొత్త కంటితో నీకోసం ఎదురుచూస్తూ,
అక్క