బల్లపరుపు నేలకి బ్రేకులెందుకు

మంగినపూడి,
ఆగస్టు 4

ప్రియమైన ప్రసాద్ మావయ్యకి,

నమస్కారాలు. తొక్కింది వారానికోసారి కాగితం మీద రాసి పంపాలని, ఫోన్లో కోతలు కొయ్యకూడదని మీ దగ్గర నేర్చుకునేవాళ్లందరికీ మీరు పెట్టిన రూలు ప్రకారం రాస్తున్నాను. ఈ వారం మీరు తెప్పించిన కొత్త రోడ్ బైక్ మీద బందరు నుంచి అవనిగడ్డకి మూడుసార్లు వెళ్లొచ్చాను. పాత సైకిల్‌ని నేను లాక్కెళ్లేదాన్ని. ఇది నన్నే లాక్కెళ్తోంది.

మొదటిరోజు నాన్న "బైకంటన్నావు, మరి ఇంజనేదే?" అని వెక్కిరించాడు. ఇప్పుడు రోజూ తన తువ్వాలుతో తుడుస్తున్నాడు. దీనికోసం పడవలో తన వాటా అమ్మేశాడు మావయ్యా. అదే పడవ మీద ఇప్పుడు కూలికి వెళ్తున్నాడు. మీకు చెప్పొద్దన్నాడు, చెప్పేశాను.

ఒక్క డౌటు. వెనక గేరు మార్చే డిరైలర్ మీద పెద్ద కంపెనీ పేరు మెరిసిపోతోంది. చైను మీద ఇంకో పేరుంది, పెడళ్లు తిప్పే క్రాంకు మీద ఇంకోటి, బ్రేకుల మీద అసలు పేరే లేదు. కొత్త బండిని ఇలా తలో చోటి నుంచి తెచ్చి అతికిస్తారా? నవంబరులో రాష్ట్ర జట్టు సెలక్షన్ పోటీ పాడేరు ఘాట్ మీద కదా. జట్టులో చోటొస్తే నా హాస్టలూ చదువూ వాళ్లే చూస్తారు. ఈ బ్రేకులు అక్కడ బండిని ఆపుతాయా?

మీ
జ్యోతిర్మయి

గుడివాడ,
ఆగస్టు 9

చిరంజీవి జ్యోతికి ఆశీస్సులు.

మంచి ప్రశ్నే అడిగావు. ఈ ధరలో ఏ కంపెనీ అయినా చేసే పనే ఇది. కొనేవాడి చూపు ముందు డిరైలర్ మీద పడుతుంది కాబట్టి అక్కడ పేరున్న సరుకు పెడతారు. కంటికి ఆనని చోట చవకది తగిలిస్తారు. అన్నీ ఒకే కంపెనీవి కావాలంటే ఇంకో సగం ధర కట్టాలి. నలభై ఏళ్ల నుంచి సైకిళ్లు అమ్ముతున్నవాణ్ణి చెబుతున్నాను, పెట్టిన డబ్బుకి విలువ వచ్చిందా అంటే మన రోడ్డుకి కావలసినవి బాగున్నాయా అని చూసుకోవాలి. నీ ఫ్రేము గట్టిది, చక్రాలు తేలిక. మనకి కావలసింది అదే.

దివిసీమంతా తిరిగినా మనకి తగిలే గుట్ట పులిగడ్డ వారధి ఒక్కటే. గేదె అడ్డమొస్తే తప్ప మనం బ్రేకు మీద చెయ్యి వేస్తామా? బల్లపరుపు నేల మీద బ్రేకుల కోసం డబ్బు తగలెయ్యడం దండగ. ఘాట్ మీదైనా అంతే, బ్రేకు పట్టినవాడే వెనకబడతాడు. మా అక్షితకి కూడా ఇదే బండి, ఇదే రేటుకి తెప్పించాను. నా కూతురికి చాలింది నీకు చాలదా?

మీ నాన్న సంగతి చదివి మనసు అదోలా అయింది. నువ్వు గెలిచి ఆయన పడవ ఆయనకి తెచ్చిపెట్టు.

మీ మావయ్య
ఈశ్వరప్రసాద్

మంగినపూడి,
నవంబరు 21

ప్రసాద్ మావయ్యకి,

కుడిచెయ్యి కట్టులో ఉంది. ఎడంచేత్తో రాస్తున్నాను, కోడిగీతలు భరించండి.

పోటీ రోజు మీకు ఆస్పత్రి దాకా రావడానికి తీరలేదు కాబట్టి జరిగింది రాస్తున్నాను. ఎక్కేటప్పుడు అక్షిత కన్నా బాగా ముందున్నాను. దిగేటప్పుడు మంచు, తడి రోడ్డు. మూడో మలుపులో రెండు బ్రేకులూ హ్యాండిలుకి తగిలేదాకా నొక్కాను. బండి ఆగలేదు. పిట్టగోడకి కొట్టుకున్నాను, భుజం దగ్గర ఎముక విరిగింది. అక్షిత నా పక్కనుంచే వచ్చి, బ్రేకు పట్టి, మలుపు తిరిగి వెళ్లిపోయింది. జట్టులో ఆఖరి చోటు ఆమెకి వచ్చింది. తర్వాత నా పక్కన కూర్చుని ఏడ్చింది. ఆ పిల్ల మీద నాకేం కోపం లేదు.

కానీ నాకు కట్టు కట్టిన టెంటులో మా రెండు బళ్లూ పక్కపక్కనే పెట్టారు. అదే రంగు, అదే ఫ్రేము. తన బ్రేకుల మీద మాత్రం పెద్ద కంపెనీ పేరుంది. ఇదే బండి అన్నారు కదా మీరు! ఆ బ్రేకులు డబ్బాలోనే వచ్చాయా, తర్వాత మార్చారా? ఇదొక్కటే చెప్పండి.

జ్యోతిర్మయి

గుడివాడ,
డిసెంబరు 2

జ్యోతీ,

నాలుగుసార్లు రాసి చింపాను.

రెండు బళ్లకీ డబ్బాలో వచ్చినవి ఆ పేరులేని బ్రేకులే. నీకు ఉత్తరం రాసినప్పుడు వాటిని నిజంగానే నమ్మాను. సెప్టెంబరులో ఘాట్ చూసొద్దామని వెళ్లి, అక్షిత బండి మీద దిగాను. ఎంత నొక్కినా మలుపుల్లో బండి ఆగలేదు. ఇంటికి రాగానే రెండు జతల మంచి బ్రేకులు తెప్పించాను. ఒక జత అక్షిత బండికి బిగించాను. రెండో జత డబ్బా మీద నీ పేరు రాశాను.

అది తీసుకుని రెండుసార్లు బందరు బస్సెక్కాను. రెండుసార్లూ సగం దారిలో, గుడ్లవల్లేరులో దిగిపోయాను. ఎత్తు ఎక్కేటప్పుడు గానీ చదును మీద గానీ నా కూతురు నిన్నెప్పుడూ దాటలేదు జ్యోతీ. దిగేటప్పుడు నువ్వు కాస్త జంకితే చాలనుకున్నాను. పడతావనుకోలేదు. జంకుతావనే అనుకున్నాను.

అక్షితకి ఇదేమీ తెలియదు. ఆ జత ఈ పార్సిల్లో పంపుతున్నాను. నువ్వు ఊ అంటే వచ్చి మీ నాన్న కాళ్ల మీద పడి అంతా చెప్పేస్తాను. ఈ బరువు మొయ్యలేకపోతున్నాను.

ఈశ్వరప్రసాద్

మంగినపూడి,
డిసెంబరు 8

ఈశ్వరప్రసాద్ గారికి,

మీ పార్సిల్ అందింది. ఉత్తరం నేను ముందే తీసి దాచేశాను. బ్రేకుల డబ్బా నాన్నే విప్పాడు. "సూడవే, పైసా అడక్కుండా పంపాడు. ఈ రోజుల్లో ఇలాటి మడిసి ఎక్కడున్నాడు?" అని అందరికీ చూపించాడు. నా బండికి తనే బిగించాడు.

డాక్టరు వేసవి దాకా హ్యాండిలు పట్టొద్దన్నాడు. వచ్చే ఏడాది సెలక్షన్‌కి నా వయసు దాటిపోతుంది. ఆ బండి ఇక ఎవరు తొక్కుతారో తెలియదు.

మీరు నాన్నకి ఏమీ చెప్పకండి. చెబితే మీ బరువు దిగుతుంది, అంతే. ఆయన పడవ వెనక్కి రాదు. వాటా అమ్ముకుని తను నమ్మింది ఎవరినో ఆయనకి ఇప్పుడు తెలియడం నేను చూడలేను. మిమ్మల్ని తేలిక చెయ్యడానికి ఆయన్ని ఏడిపించను.

వచ్చే ఆదివారం మిమ్మల్ని భోజనానికి పిలవమన్నాడు. మీకోసం పండుగప్ప చేప తెస్తాడట. తప్పకుండా రావాలి. మీరు నేర్పబట్టే కూతురు ఒక్క ఎముక విరగడంతో బయటపడిందని ఆయన మీకు దణ్ణం పెడతాడు. పెద్ద ముక్క ఏరి మీకే వేస్తాడు. ఆయన చూస్తుండగా మీరు దాన్ని పూర్తిగా తినాలి. నేను ఎదురుగానే కూర్చుంటాను.

సూరయ్య కూతురు
జ్యోతిర్మయి