కోటయ్య పెట్టని మచ్చ

ఏమండీ,

రేపు మీ సంవత్సరీకం. ఈలోగా మీకో సంగతి చెప్పాలి.

మన తోటలో మామిడికాయలు మాగవేసే కోటయ్య, మీరు కసిరారన్న కోపంతో పళ్లని గోటితో గిచ్చుతున్నాడని, పళ్లమీద వచ్చే నల్లమచ్చలు అతని పనేనని మీరు అతన్ని పనిలోంచి తీసేశారు. నేనూ నమ్మాను. ఈ ఏడు బెజవాడ పంపే కాయలు నేనే గడ్డిలో మాగవేసి, గదికి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకున్నాను. అయినా అయిదోరోజుకి మచ్చలొచ్చాయి. తోడికోడల్ని కూడా అనుమానించాను.

వ్యవసాయ కాలేజీలో చదివే మా తమ్ముడు చూశాడు. "ఇది బూజు అక్కయ్యా. కాయ పచ్చిగా ఉన్నప్పుడే తొక్కలో చేరి కదలకుండా ఉంటుంది. పండే వేళకి ఎంజైములనే రసాలు వదిలి కండని కరిగించేస్తుంది."

"కోటయ్య గానీ నీకు చెప్పి పంపాడా?" అన్నాను.

వాడు నాచేతే చెట్టునుంచి ఓ కాయ కోయించాడు. దాన్ని నా బీరువాలో పెట్టుకున్నాను. ఎవరూ ముట్టలేదు. పండేసరికి అదే మచ్చ.

మర్నాడే బొగ్గుతో నడిచే బస్సెక్కి కోటయ్య ఊరెళ్లాను. తప్పైపోయిందని చెప్పి, పనికి రమ్మన్నాను. వచ్చాడు. పళ్లగది తలుపు తీస్తే గడప దగ్గరే ఆగిపోయాడు.

"ఒక్కణ్ణే లోపలికి పోనమ్మగారూ. మీరూ వచ్చి నిలబడండి" అన్నాడు.

వెళ్లి నిలబడ్డానండీ.